ప్రాసెసర్ గారి పంకా

ఆ కంప్యూటర్ సరిగ్గా పదకొండు నిమిషాలు పనిచేసి ఆగిపోయేది. పెద్ద పటం ఒకటి అతకడానికి పద్నాలుగు నిమిషాలు పట్టేది. ఈ రెంటికీ మధ్యనున్న మూడు నిమిషాల్లో హైమావతి ఉద్యోగం ఇరుక్కుపోయింది.

హైమావతి పురాతన పటాల సంరక్షణ సంస్థలో ఔట్‌సోర్సింగ్ ఆపరేటరు. తొమ్మిదేళ్లుగా ఆ పనిలోనే ఉంది. గుడ్డ మీద గీసిన పాత పటాలు, ఊళ్ల సరిహద్దులు, చెరువులు, కాలవలు, చెదలు తిన్నవి తినగా మిగిలినవన్నీ ఆమె బల్ల మీదికి వస్తాయి. ఒక్కో పటాన్ని పదహారు ముక్కలుగా స్కాన్ చేసి కంప్యూటర్‌లో పడేస్తే, అది ఆ ముక్కల్ని ఒకదానికొకటి అతికి మళ్లీ నిండు పటం చేస్తుంది. మార్చి ముప్పై ఒకటో తారీఖులోగా మొత్తం పటాలు పూర్తయితే ఆమె కాంట్రాక్టు కొనసాగుతుంది. పూర్తి కాకపోతే సంస్థ దారి సంస్థది, ఆమె దారి ఆమెది. ఈ సంగతి కాగితం మీద రాసి, ఆమె చేతే సంతకం పెట్టించుకుని, ఒక నకలు ఆమెకిచ్చారు.

చిన్న పటాలు ఎనిమిది నిమిషాల్లో అయిపోతాయి కనక ముందు వాటి పని పట్టింది. డిసెంబరు మొదటి వారానికి చిన్నవన్నీ అయిపోయాయి. ఇక మిగిలినవి రెండు వందల పన్నెండు పెద్ద పటాలు. ప్రతిసారీ పటం ముక్కాలు భాగం అతుక్కుని, చెరువు గట్టు దాకా వచ్చి, తూము దగ్గర తెర నల్లబడేది.

అంతకుముందు ఈ బాధ లేదు. పాత ప్రాసెసర్ నెమ్మదిగా అయినా తన పని తాను చేసుకుపోయేది. అయితే అక్టోబరులో డైరెక్టర్ ఉపేంద్రరావు గారు రాజధానిలో వేగం మీద జరిగిన సదస్సుకు వెళ్లొచ్చారు. వెళ్లేటప్పుడు మామూలుగానే ఉన్నారు. వచ్చాక మాత్రం ఆయనకు ప్రతిదీ నెమ్మదిగా కనిపించడం మొదలైంది. మార్కెట్లో దొరికే అన్నిటికన్నా బలమైన ప్రాసెసర్ తెప్పించమన్నారు, తెప్పించారు. అంతటి ప్రాసెసర్ కొనేవాడు దాన్ని చల్లబరిచే కూలర్‌ని తనకు తగినట్టు తానే ఎంచుకుంటాడని నమ్మి, కంపెనీ వాళ్లు డబ్బాలో కూలర్ పెట్టలేదు. పాపం వాళ్లకు ఈ సంస్థ సంగతి తెలీదు. బిగించడానికి వచ్చిన ఇంజనీరు పాత కూలర్‌నే దాని నెత్తిన పెట్టి నొక్కాడు. దాని నాలుగు కాళ్లలో మూడే పట్టాయి. ప్రస్తుతానికి నడుస్తుందని చెప్పి, పనైనట్టు సంతకం తీసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఫోన్ ఎత్తలేదు.

హైమావతి ఒక శనివారం బస్టాండు పక్కనున్న కంప్యూటర్ సామాన్ల కొట్టుకు వెళ్లింది. కొట్టు యజమాని ఖాదర్ వలీ ప్రాసెసర్ పేరు వినగానే తల ఊపాడు. పాత కూలర్ అరవై అయిదు వాట్ల వేడికి చేసినదనీ, ఈ కొత్తది దానికి రెట్టింపు వేడి పుట్టిస్తుందనీ, ఓ హద్దు దాటాక తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుందనీ, అందులో దాని తప్పేమీ లేదనీ చెప్పాడు. క్యాబినెట్ వెడల్పు ఎంతని అడిగాడు. ఆమె స్కేలుతో కొలిచి చీటీ మీద రాసి తెచ్చుకుంది. అది చూసి అతను మూడు రకాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈ బల్లపరుపుగా ఉన్నది చాలదమ్మా. ఈ నీళ్లతో నడిచేది మీకొద్దు. గవర్నమెంటాఫీసులో నీళ్ల సరంజామా పెడితే దాన్ని చూసుకోడానికి మళ్లీ ఓ మనిషిని వెయ్యాలంటారు. ఈ టవర్ కూలర్ తీస్కెళ్లండి. మీ డబ్బాలో పైన వేలెడు జాగా మిగిలి మరీ పడుద్ది. కింద వేడిని లాగే ఈ పేస్టు బఠాణీ గింజంత రాసి బిగిస్తే పదేళ్లు దాని మొహం చూడక్కర్లేదు."

ఖరీదు ఓ మోస్తరు చీరంత ఉంది. హైమావతి కొటేషన్ రాయించుకుని, సోమవారం పొద్దున్నే ఇండెంట్ నింపి సూపరింటెండెంట్ లింగమూర్తి గారి బల్ల మీద పెట్టింది. మధ్యాహ్నానికల్లా కూలర్ వచ్చేస్తుందని అనుకుంది. తొమ్మిదేళ్లు అక్కడ పనిచేశాక కూడా అలా అనుకోగలిగిందంటే ఆమె మనసు ఎంత మంచిదో చూడండి.

లింగమూర్తి గారు చెడ్డవారు కాదు, చిక్కంతా అక్కడే ఉంది. లంచం ముట్టరు. కాఫీ కూడా ఇంటి నుంచి ఫ్లాస్కులో తెచ్చుకుంటారు. ఎర్ర గుడ్డ అట్ట వేసిన కార్యాలయ వసతుల నియమావళి ఆయనకు కంఠోపాఠం. దొరల కాలంలో రాసిన ఆ పుస్తకానికి ఎన్ని సవరణలు వచ్చాయో, ఏ సవరణ దేన్ని రద్దు చేయకుండా వదిలేసిందో ఆయన ఒక్కరికే తెలుసు. చెడ్డవాడినైతే ఏదో విధంగా ఒప్పించవచ్చు. ఇలాంటివారితో మాట్లాడటం గోడతో మాట్లాడటమే.

ఆయన ఇండెంట్‌ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చదివారు. ఇది ఎవరికని అడిగారు. ప్రాసెసర్‌కని ఆమె చెప్పింది. దాని హోదా ఏమిటని అడిగారు. హైమావతి నవ్వింది. ఆయన నవ్వలేదు.

"చూడమ్మా, అదేమిటో నాకు తెలీక అడగడం లేదు. ఇనప రేకులూ ఓ చిన్న ఫ్యానూ. వేడెక్కినదాన్ని చల్లబరుస్తుంది. ఈ కార్యాలయంలో చల్లబరచడం అనేది అనుబంధం నాలుగు ప్రకారం జరుగుతుంది. ఎవరికి వేడిగా ఉందని అనుబంధం అడగదు. ఎవరికి ఏ హోదా ఉందని అడుగుతుంది."

ఆ అనుబంధం ఆఫీసులో అందరికీ తెలిసినదే. జూనియర్ అసిస్టెంటుకు సీలింగ్ ఫ్యానులో నాలుగో వంతు. సీనియర్‌కు సగం. సూపరింటెండెంటుకు పూర్తి ఫ్యాను, దాని రెగ్యులేటర్ తిప్పే అధికారం. గెజిటెడ్ అయితే ఏసీ. ఔట్‌సోర్సింగ్ వాళ్ల ప్రస్తావన అందులో ఎక్కడా లేదు. తొమ్మిదేళ్లుగా హైమావతి పక్క సీటు వాళ్ల ఫ్యాను నుంచి జారిపడే గాలితోనే నెట్టుకొస్తోంది. ఆ గాలి మీద కూడా ఒక ఏడాది ఆడిట్ వాళ్లు అభ్యంతరం రాసి వెళ్లారు.

తన డబ్బుతో తానే కూలర్ కొంటానంది ఆమె. ప్రభుత్వ వస్తువు బయటికి పోతే దొంగతనమనీ, ప్రైవేటు వస్తువు ప్రభుత్వ వస్తువులో దూరితే అది అంతకన్నా పెద్ద నేరమనీ, ఎందుకంటే పోయినదాన్ని రాసుకోవడానికి రిజిస్టరు ఉంది గానీ దూరినదాన్ని రాసుకోవడానికి లేదనీ లింగమూర్తి గారు చెప్పారు. పోనీ ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటే వేడి తగ్గుతుంది కదా, నెమ్మదిగానైనా పని నడుస్తుందంది. ప్రభుత్వ ఆస్తి సామర్థ్యాన్ని ఉద్దేశపూర్వకంగా తగ్గించడానికి వేరే సెక్షన్ ఉందని, దాని కింద ఎంత కాలం శిక్షో చెప్పి, ఆయన ఫైలు తెరిచారు. పైన గుండ్రటి అక్షరాలతో ఇలా రాశారు: 'ప్రాసెసర్‌కు శీతలీకరణ వసతి కల్పించు విషయమై, సదరు ప్రాసెసర్ యొక్క హోదా నిర్ధారించవలసిందిగా తమరి ఆదేశములకై సమర్పించడమైనది.'

ఉపేంద్రరావు గారికి ఆ ఫైలు తెగ నచ్చింది. దేశంలో ఎవరూ ప్రాసెసర్‌కి హోదా ఇచ్చి ఉండరని ఆయనకు తోచింది. నిజమే, ఎవరూ ఇవ్వలేదు. హోదా నిర్ధారణ కమిటీ అని ఒకటి వేశారు. అధ్యక్షులు ఆయనే, కన్వీనరు లింగమూర్తి గారు. వివరాలు చెప్పడానికి హైమావతిని పిలిచి తలుపు దగ్గర నిలబెట్టారు.

ప్రాసెసర్ విధులేమిటని డైరెక్టర్ గారు అడిగారు. అన్ని విభాగాల నుంచి సమాచారం దాని దగ్గరికి వస్తుందనీ, అది నిర్ణయం చేసి కిందికి పంపుతుందనీ హైమావతి చెప్పింది. ప్రజలతో నేరుగా మాట్లాడుతుందా అని అడిగారు. మాట్లాడదంది. దాని జవాబు వచ్చేదాకా మిగతా భాగాలన్నీ ఏం చేస్తుంటాయని అడిగారు. కాచుకుని కూర్చుంటాయంది. పని ఎక్కువైతే ఏం చేస్తుందని అడిగారు. వేడెక్కి, ఎవరికీ చెప్పకుండా మధ్యలోనే ఆగిపోతుందని చెప్పింది. డైరెక్టర్ గారు, లింగమూర్తి గారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇవన్నీ సుస్పష్టంగా గెజిటెడ్ స్థాయి లక్షణాలే కదండీ," అన్నారు డైరెక్టర్ గారు.

అసిస్టెంట్ డైరెక్టర్ హోదా అని తీర్మానం రాసుకున్నారు. కూలర్ మాట ఏమైందని హైమావతి అడిగింది. హోదా వచ్చాక వసతి దానంతటదే వస్తుందని, తొందరపడితే వచ్చేది కూడా రాదని చెప్పి పంపేశారు. అప్పటికి సంక్రాంతి సెలవులు కూడా వెళ్లిపోయాయి. రెండు వందల పన్నెండులో ఒక్క పటం కూడా పూర్తి కాలేదు.

ఈలోగా సంగతి ఉద్యోగ సంఘం చెవిన పడింది. సంఘం కార్యదర్శి సింహాద్రప్పడు ఇరవై రెండేళ్లుగా సీనియర్ అసిస్టెంటుగానే ఉన్నాడు. మధ్యాహ్న భోజనం వేళ గేటు దగ్గర సభ పెట్టాడు. ప్రాసెసర్‌కి హోదా ఏమిటని అతను అడగలేదు. అలా అడిగి ఉంటే ఈ కథ అక్కడే ఆగేది.

"నాను ఏడీ పోస్టుకి పద్నాలుగేళ్లై ఎదురుసూస్తన్నాను. నిన్న గాక మొన్నొచ్చినోడు డిపార్ట్‌మెంటల్ టెస్టు రాయకుండా నా నెత్తి మీద కూకుంటే సంఘం ఒప్పుకోదు. ఆడు కూడా రాయాల," అన్నాడు.

అంచేత ఫిబ్రవరిలో ప్రాసెసర్‌కి డిపార్ట్‌మెంటల్ టెస్టు పెట్టారు. మూడు గంటల పరీక్ష, ఇన్విజిలేటర్ సింహాద్రప్పడే. కాపీ కొట్టకుండా ఇంటర్నెట్ తీగ పీకేశారు. ప్రశ్నలు టైపు చేసేందుకు హైమావతిని కూర్చోబెట్టి, జవాబులు చెప్పకూడదని ఆమె దగ్గర హామీ పత్రం రాయించుకున్నారు. పదకొండో నిమిషంలో తెర నల్లబడింది. అభ్యర్థి అస్వస్థత కారణంగా పరీక్ష హాలు నుంచి నిష్క్రమించినట్టు రాసుకున్నారు. విధి నిర్వహణలో అస్వస్థతకు గురైన గెజిటెడ్ అభ్యర్థికి గ్రేస్ మార్కులిచ్చే నియమం లింగమూర్తి గారికి గుర్తొచ్చింది. ముప్పై అయిదు మార్కులతో ప్రాసెసర్ పాసైంది. సింహాద్రప్పడు అదే పరీక్ష నాలుగుసార్లు రాసి నాలుగుసార్లూ ముప్పై మూడు దగ్గర ఆగినవాడు. ఆ పూట భోజనం చెయ్యలేదని తర్వాత ఆఫీసులో చెప్పుకున్నారు.

తర్వాత సర్వీసు రిజిస్టరు తెరిచారు. పుట్టిన తేదీ గడిలో డబ్బా మీదున్న తయారీ తేదీ వేశారు. స్వస్థలం విదేశమని తేలడంతో స్థానికుడా స్థానికేతరుడా అని వారం రోజులు తర్జనభర్జన పడి, చివరికి స్థానికేతరుల కోటాలో సర్దారు. పుట్టుమచ్చల దగ్గరికి వచ్చేసరికి పని ఆగింది. అవి కంటితో చూసి రాయాలి. చూడాలంటే పైనున్న పాత కూలర్ తియ్యాలి.

ఇప్పుడు అది తీస్తే కింద పేస్టు పోతుందనీ, మళ్లీ రాయడానికి తన దగ్గర వేరే పేస్టు లేదనీ హైమావతి బతిమాలింది. ఆ మాటను కూడా నోట్‌గా రాసి ఫైల్లో పెట్టి, కూలర్ తీశారు. ప్రాసెసర్ మొహాన్ని లింగమూర్తి గారు తన సొంత రుమాలుతో శుభ్రంగా తుడిచారు. ఓ మూల చిన్న బంగారు రంగు త్రికోణం కనిపించింది. 'ఎడమ మూలన బంగారు వన్నె గల త్రికోణాకృతి మచ్చ' అని ఎంతో తృప్తిగా రాసుకున్నారు. వేలిముద్ర గడిలో బూడిద రంగు పేస్టుతో చక్కటి ముద్ర ఒకటి పడింది. అది లింగమూర్తి గారి బొటనవేలిదే అయినా, అప్పటికే ధ్రువీకరించేశారు కనక మార్చలేదు.

పేస్టు లేకుండా పాత కూలర్‌ని మళ్లీ మూడు కాళ్ల మీద నిలబెట్టారు. ఆనాటి నుంచి కంప్యూటర్ పదకొండు నిమిషాలు కాదు, నాలుగు నిమిషాలు కూడా నిలవలేదు. పని చేయించినా చేయించకపోయినా నాలుగో నిమిషంలో తెర పోయేది. హైమావతి ఆ మధ్యాహ్నం బాత్‌రూంలోకి వెళ్లి కాసేపు ఏడ్చింది. ఆమెకు ఏడుపు కన్నా కోపం ఎక్కువగా ఉంది. కానీ అక్కడ కోపం తెచ్చుకోవడానికి కూడా హోదా కావాలి.

మార్చిలో ఆర్థిక శాఖ నుంచి జవాబు వచ్చింది. ప్రాసెసర్ హోదా మీద వాళ్లకు ఏ అభ్యంతరమూ లేదు. కొత్త పోస్టు మాత్రం ఇవ్వబోమనీ, ఉన్నవాటిలో ఒకటి వదులుకుని దాని స్థానంలో వేసుకోమనీ రాశారు. రెగ్యులర్ ఉద్యోగుల్లో ఎవరి పోస్టు ముట్టుకున్నా సింహాద్రప్పడు ఊరుకోడు. అందుకని అందరూ ఎవరు పోతే ఎవరూ అడగరో ఆలోచించారు. ఎక్కువసేపు పట్టలేదు. 'కంప్యూటర్ ఆపరేటర్ సేవల పద్దు'ను రద్దు చేసి, ఆ ఖాళీలో ప్రాసెసర్‌ని నియమిస్తూ ఉత్తర్వు తయారైంది.

ఆఫీసు మొత్తంలో తప్పుల్లేకుండా టైపు చేసేది హైమావతి ఒక్కతే కనక ఆ ఉత్తర్వును సూపరింటెండెంట్ గారి కంప్యూటర్ మీద ఆమె చేతే టైపు చేయించారు. రెండో పేరాలో తన పేరు వచ్చినప్పుడు ఆమె వేళ్లు ఆగాయి. తొమ్మిదేళ్లలో ఆమె తనను పర్మనెంట్ చెయ్యమని పదమూడు అర్జీలు పెట్టింది. పదమూడింటికీ 'పరిశీలనలో ఉన్నది' అనే ఒకే జవాబు వచ్చింది. ప్రాసెసర్ ఒక్క అర్జీ కూడా పెట్టలేదు. నాలుగు నెలల్లో అసిస్టెంట్ డైరెక్టరైంది.

"అంటే దాన్ని చల్లబరచమని అడిగినందుకు నన్ను తీసేస్తున్నారాండీ?" అని అడిగింది.

లింగమూర్తి గారు నొచ్చుకున్నారు. ఆమెను ఎవరూ తీసెయ్యడం లేదన్నారు. ఉద్యోగంలో ఉన్నవాళ్లనే తీసెయ్యగలరనీ, ఆమె ఎప్పుడూ ఉద్యోగంలో లేదనీ, ఆమె సేవలు మాత్రం ఉండేవనీ, ఇప్పుడవి ఉండవనీ మెల్లగా వివరించారు. ఉత్తర్వులో ఒకచోట కామా పెట్టమన్నారు. పెట్టింది.

ఏప్రిల్ ఒకటో తారీఖున ప్రాసెసర్ ఉద్యోగంలో చేరింది. దానికో గది ఇచ్చారు. తలుపు మీద ఇత్తడి పలక తగిలించారు. లోపల పెద్ద బల్ల, బల్ల వెనక టర్కీ తువ్వాలు పరిచిన కుర్చీ, బల్ల మీద పక్క రేకు ఊడదీసిన కంప్యూటర్. ఇక వసతి ఇవ్వడమే తరువాయి. సీలింగ్ ఫ్యాను, ఏసీ లాంటివన్నీ తర్వాతి సవరణల్లో వచ్చినవనీ, వాటిని కోరుకునేవారు చేరిన రోజే స్వహస్తాలతో ఆప్షన్ రాసివ్వాలనీ లింగమూర్తి గారు గుర్తుచేశారు. ప్రాసెసర్ ఆప్షన్ ఇవ్వలేదు. ఆప్షన్ ఇవ్వనివారికి పాత నియమమే వర్తిస్తుంది. పాత నియమం ప్రకారం ఆ హోదాకు రావలసినవి పైకప్పు నుంచి వేలాడే ఒక గుడ్డ పంకా, దాన్ని లాగడానికి ఒక మనిషి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా కిటికీకి వట్టివేళ్ల తడిక. మామూలు టవర్ కూలర్ ప్రసక్తి ఆ నియమంలో లేదు.

గదికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ సీలింగ్ ఉంది కనక పంకా వేలాడదీయడం కుదరలేదు. బదులుగా తాటాకు విసనకర్ర ఒకటి కొని స్టాకు రిజిస్టర్లో ఎక్కించారు. మనిషిని పంపమని ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీకి రాశారు. ఏజెన్సీ వాళ్లు ఈ ఆఫీసు దారి తెలిసిన మనిషైతే మేలని హైమావతికి ఫోన్ చేశారు. జీతం పాత జీతంలో సగం. ఆమె రెండు రోజులు ఆలోచించింది. వేరే చోట్ల అడిగి చూసింది. ఆఖరికి మూడో రోజున వచ్చి ఆ గదిలో స్టూలు మీద కూర్చుంది. పరువు పోయిందని ఆమెకు తెలుసు. ఇంటి అద్దెకు మాత్రం తెలీదు.

ఊడదీసిన రేకు వైపు నుంచి ఆమె విసురుతూ ఉంటే కంప్యూటర్ ఆగకుండా నడిచింది. పనేమీ లేదు కనక వేడీ తక్కువే. తెర మీద వెయ్యిన్నీ మూడు వందల పదిహేడో నెంబరు పటం ముక్కాలు భాగం అతికి ఉండేది. చెరువు, గట్టు, గట్టు మీద తూము, ఆ పైన ఖాళీ. మౌస్ మీద ఒక్కసారి నొక్కి, రెండో చేత్తో విసురుతూ కూర్చుంటే పటం పూర్తి కావచ్చేమోనని ఆమెకు రోజూ అనిపించేది. రెండో రోజున చెయ్యి చాపింది కూడా. గుమ్మంలోంచి లింగమూర్తి గారు చూసి, అధికారి పనిలో పంకా మనిషి చెయ్యి పెట్టకూడదనీ, ఆ పని ఆపరేటర్‌దనీ చెప్పారు. ఆపరేటర్ ఎవరని ఆమె అడిగింది. ప్రస్తుతం లేరని ఆయన చెప్పారు.

ఎవరైనా పటం నకలు కోసం వస్తే ఆ గదిలోకే పంపేవారు. వాళ్లు వచ్చి కుర్చీ వంకా, కంప్యూటర్ వంకా, విసనకర్ర వంకా చూసి, చెప్పులు బయట విప్పి మళ్లీ వచ్చి, దణ్ణం పెట్టి వెళ్లిపోయేవారు.

మే నెల రెండో వారంలో రాజధాని నుంచి ప్రభుత్వ శాఖ కార్యదర్శి గారు తనిఖీకి వచ్చారు. హోదా పొందిన తొలి ప్రాసెసర్‌ని చూడాలని ఆయనకు కుతూహలంగా ఉంది. అయితే ఈ హోదా సబబేనా, ఓ యంత్రాన్ని అధికారిగా ప్రజలు ఒప్పుకుంటారా అని కొంత అనుమానం కూడా ఉంది. ప్రొబేషన్ పూర్తయినట్టు ప్రకటించాలంటే ఆయన సంతకం కావాలి. డైరెక్టర్ గారు ఆయన్ని వట్టివేళ్ల తడిక పక్కన నిలబెట్టి ఉపన్యాసం అందుకున్నారు.

"తమరికి విన్నవించుకునేదేమనగా సర్, మా సంస్థ కేవలం యంత్రాన్ని వినియోగించుకొనుట లేదు. యంత్రమునకు గౌరవము కల్పించుచున్నది. గౌరవము లేనిచోట వేగము ఉండజాలదు."

హైమావతి విసురుతూ ఆ మాటలు వింది. అప్పుడే డైరెక్టర్ గారి కాలు ఆమె స్టూలుకు తగిలింది. ఆయన కిందికి చూసి, అడ్డంగా ఉన్న స్టూలును చూసి, దాని మీదున్న మనిషిని చూడకుండానే మళ్లీ గౌరవం గురించి మాట్లాడసాగారు. ఆమెకు ఒళ్లు మండింది. విసనకర్ర ఒళ్లో పెట్టుకుంది. నాలుగు నిమిషాలు చాలు. ఈ పెద్దాయన ఎదుట తెర నల్లబడితే ఎందుకు పోయిందని అడుగుతాడు. అడిగితే చెబుతుంది. కొట్లో బల్ల మీద ఇంకా ఉన్న ఆ కూలర్ గురించీ, మూడు కాళ్ల గురించీ, బఠాణీ గింజంత పేస్టు గురించీ, రెండు వందల పన్నెండు పటాల గురించీ చెబుతుంది. మనసులో అంతా వరస పెట్టుకుంది.

ఉపన్యాసం వేగం నుంచి సుపరిపాలన దాకా వచ్చింది. తెర నల్లబడింది. గదిలో అందరూ దాని వైపు తిరిగారు. డైరెక్టర్ గారు లింగమూర్తి గారి వైపు, లింగమూర్తి గారు ఎర్ర పుస్తకం వైపు చూశారు.

"ఏమైంది?" అన్నారు కార్యదర్శి గారు.

హైమావతి లేచి నిలబడింది. చెప్పాలనుకున్నదంతా గొంతు దాకా వచ్చింది. ఈలోగా డైరెక్టర్ గారు నోరు తెరిచి, ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో తన గురించి తన అటెండరు చెబుతూ వచ్చిన మాటను, ఏమీ తోచక, బయటికి అనేశారు.

"సార్ సీట్లో లేరండీ."

కార్యదర్శి గారు తువ్వాలు పరిచిన ఖాళీ కుర్చీని చూశారు. పటం నకలు కోసం వచ్చి గుమ్మం బయట చెప్పులు విప్పి నిలబడ్డ రైతుని చూశారు. ఆయన మొహంలో అనుమానం తొలగిపోయింది. జనం వచ్చి నిలబడి ఉన్నారు, గది ఉంది, బోర్డు ఉంది, అధికారి సీట్లో లేరు. ఇంతకన్నా రుజువేం కావాలని అడిగి, జేబులోంచి పెన్ను తీసి, ప్రొబేషన్ పూర్తయిందని అక్కడే సంతకం పెట్టారు. తర్వాత అందరూ భోజనాలకు వెళ్లారు. లింగమూర్తి గారు ఎర్ర పుస్తకం సర్దుకోవడానికి వెనక ఉండిపోయారు.

హైమావతి మళ్లీ స్టూలు మీద కూర్చుంది. బయట నలభై నాలుగు డిగ్రీల ఎండ కాస్తోంది. చెమట మెడ మీదుగా జాకెట్లోకి కారుతోంది. ఒళ్లోని విసనకర్ర తీసుకుని తన మొహానికి విసురుకుంది. తొమ్మిదేళ్లలో ఆ ఆఫీసులో ఆమెకంటూ తగిలిన మొదటి గాలి అది.

లింగమూర్తి గారు గుమ్మంలో ఆగారు. ఆ విసనకర్ర అసిస్టెంట్ డైరెక్టర్ హోదాకు మంజూరైనదనీ, ఇతరులు వాడుకుంటే చర్య తీసుకోవాల్సి వస్తుందనీ చెప్పారు. మెమో రాయడానికి పెన్ను కూడా తీశారు. 'హోదా' అన్న గడి దగ్గర ఆగి, ఏం రాయాలో తోచక, పెన్ను మళ్లీ మూశారు.

"అమ్మా, అది ఆయనది," అన్నారు ఆఖరికి, దాదాపు బతిమాలుతున్నట్టుగా.

"ఆయన సీట్లో లేరు కదండీ," అని చెప్పి హైమావతి విసురుకుంటూనే ఉంది.